దేవుడు మంచోడే, చుట్టూ ఉన్నోళ్లతోనే ప్రాబ్లం

మన నాయకుడు తప్పు చేస్తే మనమే అడగాలా, లేక ఎదుటోళ్లకి అలుసిచ్చినట్టు అవుద్దని నోర్మూసుకోవాలా... ఏ పార్టీ అభిమానుల్ని చూసినా ఇదే పంచాయితీ, సొంత మంత్రిని ఒక్క మాట అంటే చాలు, నిన్నటిదాకా జెండా మోసినోడు కూడా కోవర్టు అయిపోతాడు. ఇదేం ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు కాదు.

కాంగ్రెస్‌లో అసమ్మతి అంటే దాదాపు ఒక పదవి. సీఎం నచ్చకపోతే ఢిల్లీ ఫ్లైట్ ఎక్కడమే, అధిష్టానం దగ్గర గోడు వెళ్లబోసుకోవడమే. 1978లో గెలిచాక అయిదేళ్లు తిరక్కుండానే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, నలుగురు సీఎంలు. ఆ తంతు చూసి జనం విసిగిపోవడం 1983లో ఎన్టీఆర్‌కి బాగా కలిసొచ్చింది. కానీ ఆయన కొత్త పార్టీ టీడీపీలో పైన ఢిల్లీ లేదు, ఆయన మీద ఎవరికి చెప్పుకుంటాం? 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఆయన్ని దించి సీఎం అయ్యి నెలకే పదవి పోగొట్టుకున్నాడు గానీ, లోపల ఎవడైనా నోరెత్తితే వెన్నుపోటే అన్న అనుమానం మాత్రం పోలేదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా వచ్చింది, విప్ (ఓటింగులో పార్టీ ఆదేశం) దాటితే ఎమ్మెల్యే సీటుకే ఎసరు.

అసలు మలుపు 1995. పెద్దాయన ఎన్టీఆర్ మీద మాకేం కోపం లేదు, ఆయన భార్య లక్ష్మీపార్వతి జోక్యమే మా బాధ అన్నారు వైస్రాయ్ హోటల్లో చేరిన టీడీపీ ఎమ్మెల్యేలు. కోపం లేదంటూనే ఆ పెద్దాయన్నే దించేశారు, హోటల్ ముందుకొస్తే ఆయన మీద చెప్పులు పడ్డాయి, సెప్టెంబర్ 1న చంద్రబాబు సీఎం అయ్యారు. ఎవరిది కరెక్ట్ అని తెలుగు తమ్ముళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు, అది వదిలేద్దాం. నాయకుడు దేవుడు, చుట్టూ చేరిన కోటరీయే చెడగొడుతోంది అనే ఫార్ములా మాత్రం అక్కడే స్థిరపడిందని నా లెక్క.

అది పాటించకపోతే ఏమవుద్దో ఈటల రాజేందర్‌ని చూస్తే తెలుస్తది. కేసీఆర్ ప్రభుత్వంలో మంత్రిగా ఉంటూ 2019లో గులాబీ జెండాకి మేమూ ఓనర్లమే అన్నారు, 2021 మేలో భూముల ఆరోపణల మీద మంత్రి పదవి పోయింది, అదే ఏడాది బీజేపీ నుంచి హుజూరాబాద్ గెలిచారు. పాటించినా గ్యారంటీ ఏం లేదులెండి, కేసీఆర్ దేవుడు, చుట్టూ దయ్యాలున్నాయి అన్న సొంత కూతురు కవితనే 2025 సెప్టెంబర్‌లో సస్పెండ్ చేశారు.

ఇక అభిమానుల దగ్గర రూలు ఇంకా సింపుల్, రిజల్టే తీర్పు. 2024లో పొత్తులో జనసేనకి 24 సీట్లే అన్నప్పుడు ఇంత తక్కువా అని సొంతోళ్లే మండిపడ్డారు, పవన్ తాడేపల్లిగూడెం సభలో సలహాలిచ్చేవాళ్లు నాకు అక్కర్లేదన్నట్టు గట్టిగా మాట్లాడారు. తర్వాత అవి 21కి తగ్గినా 21కి 21 గెలిచారు, అడిగినోళ్లు సైలెంట్. వైసీపీలో రివర్స్, 151 సీట్లు ఉన్నంతకాలం చిన్న మాటన్నా పక్కపార్టీకి అమ్ముడుపోయాడనేవాళ్లు, 11కి పడ్డాక ఎవణ్ని కదిపినా మేం ముందే చెప్పాం అంటారు, 2025లో విజయసాయిరెడ్డి బయటికెళ్లి తిట్టిందీ జగన్ చుట్టూ ఉన్న కోటరీనే.