గుండెలోకి పంపే నురగ

ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు దిగువన లేచే నురగను చూడని బెజవాడవాళ్లు ఉండరు. నీటికి రంగు లేదు, గాలికీ రంగు లేదు. రెండూ కలిస్తే మాత్రం తెల్లటి నురగ! గాలీ నీరూ ఒరుసుకునే ప్రతి అంచు దగ్గరా వెలుగు చెదరడమే కారణం. వెలుగుకు బదులు శబ్దాన్ని చెదరగొట్టే నురగ ఒకటుంది. దాన్ని నెత్తుటిలోకి ఎక్కిస్తారు.

మొన్న సూర్యారావుపేటలో మా నాన్నగారికి ఎకో పరీక్ష, అంటే శబ్ద తరంగాలతో గుండెను తెరపై చూసే పరీక్ష, చేయించాం. చల్లటి జెల్ రాసి, డాక్టరుగారు ప్రోబును పక్కటెముకల సందుల్లో తిప్పుతున్నారు. కవాటాలు కనిపిస్తున్నాయి గానీ, ఎడమ జఠరిక (గుండె ఎడమవైపు కింది గది) కొసన గోడ ఎక్కడ ఆగిందో, రక్తం ఎక్కడ మొదలైందో తేలలేదు. రక్తం శబ్దాన్ని చాలా తక్కువగా వెనక్కి పంపుతుంది, అందుకే తెరపై నల్లగా ఉంటుంది. గోడ కూడా మసకబారితే చీకట్లో చీకటి కలిసిపోతుంది. ఇలాంటి గుండెల కోసమే సూక్ష్మ బుడగల కాంట్రాస్ట్ మందు, అంటే తెరపై రక్తాన్ని విడిగా చూపే మందు, పుట్టింది.

గుండెలోకి రంగు ద్రవం ఎక్కించినప్పుడు దానితో వెళ్లిన చిన్న బుడగలు మెరవడాన్ని గ్రేమియాక్, షా 1968లో ప్రచురించారు. అయితే తొడుగులేని బుడగకు ఆయుష్షు లేదు. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసమున్న బుడగను నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలం బిగుసుకునే గుణం, దాదాపు 1.4 అట్మాస్ఫియర్ల అదనపు పీడనంతో నొక్కుతుంది. లోపలి గాలి క్షణంలో కరిగిపోతుంది. పెద్ద బుడగలేమో ఊపిరితిత్తుల కేశనాళికల దగ్గరే ఆగిపోతాయి.

దీనికి జవాబు మన రక్తంలోనే ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్. ఆల్బుమిన్ ద్రావణంలోకి తీవ్రమైన అల్ట్రాసౌండ్ పంపితే అది నురగకడుతుంది. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు ప్రోటీన్ అణువుల్లోని గంధకపు కొక్కేలను ఒకదానికొకటి తగిలిస్తాయి. అలా బుడగ చుట్టూ గట్టి పొర అల్లుకుంటుంది. దాని మందం సుమారు 15 నానోమీటర్లు (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). మూడు మైక్రాన్ల బుడగను నిమ్మకాయంత చేస్తే, పొర రెండు కాగితాలంత ఉంటుందన్నమాట.

ఇలాంటి బుడగల మందుల్లో, అమెరికాలో 1994లో అనుమతి పొందిన ఆల్బునెక్స్‌లో నింపింది గాలే. అది త్వరగా కారిపోయేది. 1997 నాటి ఆప్టిసాన్‌లో నీటిలో అంతగా కరగని ఆక్టాఫ్లోరోప్రొపేన్ అనే వాయువు నింపారు. బుడగల సగటు వ్యాసం 3 నుంచి 4.5 మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణం కంటే చిన్నవి. ఒక మిల్లీలీటరులో 50 నుంచి 80 కోట్ల బుడగలు!

నన్ను కట్టిపడేసింది మరొకటి. కేశనాళికలో పట్టేంత బుడగ సహజంగా కంపించే వేగం, ఎకో యంత్రం వాడే మెగాహెర్ట్జ్ (సెకనుకు పది లక్షల కంపనాల) శ్రేణిలోనే పడుతుంది. ఎవరూ కుదర్చని ఇంతటి పొందిక ప్రకృతిలో అరుదు. శబ్దపు అలల తాకిడికి బుడగ ఉబ్బినంతగా కుంచించుకోదు. ఆ తేడా వల్ల పంపిన స్వరంతోపాటు దానికి రెట్టింపు స్వరమూ వస్తుంది. కండరం నుంచి అది తక్కువగా వస్తుంది కాబట్టి, యంత్రం ఆ రెట్టింపు స్వరాన్నే వింటే రక్తం తెల్లగా వెలిగి గోడ అంచు తేలుతుంది. శబ్దం మరీ పెంచితే మాత్రం పొర చిట్లుతుంది.

ఆప్టిసాన్ సీసాను ఫ్రిజ్‌లో ఉంచుతారు. బుడగలు మీగడలా పైకి తేలి ఉంటాయి. మెల్లగా తలకిందులు చేస్తూ పాలలా కలిశాకే వాడాలి. ఆల్బుమిన్ పడనివారికి ఇది తగదు. అరుదుగా తీవ్రమైన ప్రతిచర్యలూ వస్తాయి గనుక కనిపెట్టుకుని ఉండాలి. ఎక్స్‌రే కాంట్రాస్ట్ మందుల్లోలా ఇందులో అయోడిన్ లేదు, మూత్రపిండాలపై భారం లేదు. పది నిమిషాల్లో దాదాపు వాయువంతా ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది.