బల్లుల కోసం తేనెకి రంగేసుకున్న పూలు

బల్లి అంటే మనకి గోడ మీద ట్యూబ్‌లైట్ పక్కన కాచుక్కూర్చుని పురుగుల్ని పట్టుకునేదే. మారిషస్‌లో మాత్రం పట్టపగలు ఎండలో తిరిగే బల్లులున్నాయి, ఒళ్లంతా ఆకుపచ్చ, వీపు మీద ఎర్రటి మచ్చలు, ఇవి పురుగులు తింటూనే మధ్యమధ్యలో పువ్వులోకి తల దూర్చి తేనె నాకుతాయి, బయటికొచ్చేసరికి మూతికంతా పుప్పొడి అంటుకుని ఉంటుంది, అలాగే ఇంకో పువ్వు దగ్గరికి వెళ్తాయి. అంటే మన దగ్గర తేనెటీగలు చేసే పని అక్కడ కొన్ని మొక్కలకి బల్లి చేసిపెడుతోంది.

ఎందుకలా అంటే ఆ దీవి పుట్టుకే అలాంటిది. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట సముద్రంలోంచి అగ్నిపర్వతం లేచి తయారైన నేల అది, మడగాస్కర్‌కి తూర్పున ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం. అంత దూరం సముద్రం దాటి ఏం రాగలవో అవే వచ్చాయి, పక్షులు, బల్లులు, తాబేళ్లు, గాలికీ నీటికీ కొట్టుకొచ్చిన విత్తనాలు. నేల మీద తిరిగే జంతువుల్లో పాలిచ్చేవి ఒక్కటంటే ఒక్కటి లేదు, ఎగిరొచ్చిన గబ్బిలాలు తప్ప. దీవుల్లో పురుగుల రకాలు తక్కువ, బల్లుల్ని తినే శత్రువులూ తక్కువే, దాంతో బల్లులు బాగా పెరిగి తిండికోసం తేనె, పళ్ల మీద పడతాయి. మొక్కలు కూడా ఆ ఉన్నవాళ్లతోనే సర్దుకున్నాయి. అక్కడ సహజంగా పెరిగే పూలమొక్కలు దాదాపు 690 రకాలుంటే అందులో 270కి పైగా ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

వాటిలో ఒకటి ట్రోషీషియా బౌటోనియానా, 1992 నుంచి మారిషస్ జాతీయ పుష్పం. అక్కడివాళ్లు దీన్ని చెవికమ్మ అని పిలుచుకుంటారు, ఎర్రటి గంటలాగా కిందికి వేలాడుతుంది, మన మందారం, పత్తి, బెండ, గోంగూర కుటుంబమే. అడవిలో సహజంగా ల మోర్న్ అనే ఒక్క కొండ మీదే మిగిలింది. దీని పువ్వులో తేనె ఎర్రగా ఉంటుంది! దీని చుట్టం ఇంకో ట్రోషీషియాలో పసుపు తేనె. జలపాతాల పక్కన నిటారు కొండచరియల మీద పెరిగే నెసోకోడన్ అని ఇంకో మొక్క ఉంది, పువ్వేమో లేత నీలం, దాని లోపల తేనె చుక్కలేమో రక్తం రంగు, ఫోటో చూస్తే పువ్వుకి దెబ్బ తగిలిందా అనిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కువ భాగం పూలలో తేనె నీళ్లలా తేటగానే ఉంటుంది, మరి ఇక్కడ రంగెందుకు? 2006లో పరిశోధకులు బల్లుల ముందు నకిలీ పూలు పెట్టి కొన్నింట్లో తేట తేనె, కొన్నింట్లో రంగు తేనె పోసి చూస్తే బల్లులు రంగున్నదాని వైపే ఎక్కువ వెళ్లాయి. పువ్వులో సరుకుందో లేదో తల దూర్చకుండానే తెలిసిపోతుందన్నమాట.

నాకు అన్నిటికన్నా బాగా నచ్చింది మొగలి పొదల సంగతి. మన కోనసీమ, ఉత్తరాంధ్ర తీరంలో కనిపించే మొగలికి దగ్గర చుట్టాలు మారిషస్‌లో రకరకాలున్నాయి. ముళ్లున్న ఆకులు దట్టంగా ఉంటాయి కాబట్టి పైనుంచి గద్దజాతి పిట్టలు వచ్చినా బల్లులు ఆకుల మధ్యలోకి దూరి దాక్కుంటాయి, అందుకే అక్కడే కాపురం పెడతాయి. పసుపు తేనె ట్రోషీషియా మొక్కల్ని పరిశీలిస్తే మొగలి పొద దగ్గరున్న వాటికి బల్లులు ఎక్కువ వచ్చాయి, కాయలు కూడా ఎక్కువ పట్టాయి, దూరంగా ఉన్నవాటికి తక్కువ. మొగలికీ ట్రోషీషియాకీ నేరుగా ఏ సంబంధమూ లేదు, మధ్యలో బల్లి ఉంది అంతే. ఎవరైనా ఆ అరుదైన పూలమొక్కని కాపాడదామని చుట్టూ ఉన్న "పనికిరాని" ముళ్లపొదలు కొట్టేసి శుభ్రంగా కంచె వేస్తే మొక్క బతుకుతుంది కానీ కాయలు సరిగ్గా పట్టవు. ఒక్క మొక్కని పట్టుకుని కాపాడ్డం కుదరదు, దాని పక్కవాళ్లని కూడా కాపాడాలి అని నేను గట్టిగా అనేది ఇందుకే.

ఆ పక్కవాళ్లే అక్కడ ముందు పోయారు. 1598లో డచ్చివాళ్లు దిగారు, 1638లో స్థిరపడ్డారు, నల్లచేవ ఉన్న ఎబొనీ చెట్లు నరికి ఓడలకెత్తారు. ఈ ఎబొనీ మన తునికి చెట్టుకి దగ్గరిదే, ఇద్దరిదీ డయోస్పైరస్ ప్రజాతి, మన దగ్గర ఆకు బీడీలకి పోతే అక్కడ చేవ ఫర్నిచర్‌కి పోయింది. నావికులు పెద్ద తాబేళ్లని సజీవంగా ఓడల్లో వేసుకుని తినేశారు, ఎగరలేని పెద్ద పక్షి డోడో కూడా ఆ శతాబ్దంలోనే పోయింది, ఎలుకలు, కోతులు, పందులు, జింకలు దిగాయి. చెట్లు మిగిలినచోట కూడా వాటి పళ్లు తిని విత్తనం దూరంగా వేసేవాళ్లు లేకుండా పోయారు.

డోడో గురించి ఒక కథ బాగా తిరుగుతుంది కదా, తంబాలకోక్ అనే చెట్టు గింజ డోడో కడుపులోంచి వస్తేనే మొలకెత్తుతుంది, డోడో పోయింది కాబట్టి 13 ముసలి చెట్లే మిగిలాయి అని. 1977లో సైన్స్ పత్రికలో వచ్చిన వాదన అది, వినడానికి ఎంత బాగుందో! కానీ తర్వాత లెక్క సరిగ్గా చూస్తే చెట్లు 13 కన్నా ఎక్కువే ఉన్నాయి, డోడో పోయాక పుట్టినవీ ఉన్నాయి, డోడో లేకుండానే గింజలు మొలుస్తాయి. సపోటా, ఇప్ప కుటుంబం చెట్టే ఇది. దీనికి అసలు బెడద కోతులు పిందెలప్పుడే కోసి పారేయడం, మొలకల్ని జంతువులు తినేయడం, కలుపు మొక్కలు కమ్మేయడం. ఇలా మెల్లగా, రకరకాల కారణాలతో పోయేది కథగా చెప్పడానికి బాగోదు కాబట్టి డోడో కథే నిలిచిపోయింది.

తాబేలు విషయంలో మాత్రం నిజంగా ప్రయోగం చేసి చూపించారు. ఆగ్నేయ తీరానికి దగ్గరలో ఐల్ ఓ ఎగ్రెట్ అని 26 హెక్టార్ల చిన్న పగడపు దీవి ఉంది. అక్కడ ఎబొనీని వంటచెరుకు కోసం 1980ల మొదటిదాకా నరికారు, ఆపాక కూడా అడవి తిరిగి రాలేదు, ఎందుకంటే పళ్లన్నీ తల్లిచెట్టు కిందే పడి అక్కడే ఉండిపోయేవి. మారిషస్ తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి కాబట్టి 2000 సంవత్సరంలో అల్డాబ్రా జాతి పెద్ద తాబేళ్లని తెచ్చి వదిలారు. అవి రాలిన పళ్లు తినేసి నడుచుకుంటూ పోయి ఖాళీ జాగాల్లో పేడతోపాటు గింజలు వేశాయి. ఆ గింజలు మామూలువాటికన్నా బాగా మొలిచాయి, నరికేసిన చోట్ల ఎబొనీ మొలకలు గుంపులుగా లేచాయి. వేరే దీవి జంతువుని తెచ్చి పెట్టడం తప్పు కదా అనేవాళ్లున్నారు, నాకైతే అది సరైన పనే అనిపిస్తుంది, పళ్లు తిని గింజలు మోసే పని అక్కడ చేసేవాళ్లే లేనప్పుడు.

ఇక దీవిలో ఇప్పుడు కళ్లకి కనిపించే పచ్చదనం ఎక్కువ బయటిదే. చెరుకు డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చారు, ఆ చెరుకు తోటల్లో పనికే 1834 నుంచి మన దేశం నుంచి కూలి ఒప్పందం మీద లక్షలమంది వెళ్లారు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఎక్కిన తెలుగువాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు, వాళ్ల మనవలు ముని మనవలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేస్తారు, ఆ రోజు దేశమంతా సెలవు. పాంప్లమూస్ అనే మొక్కల తోటలో ఫ్రెంచి అధికారి పియేర్ పువావ్ర్ మనుషులు, అప్పట్లో మసాలాల వ్యాపారం గుప్పిట్లో పెట్టుకున్న డచ్చివాళ్ల కళ్లు కప్పి జాజికాయ, లవంగం మొక్కలు 1770లో తెచ్చి నాటారు, ఆ లవంగమే తర్వాత జాంజిబార్‌కి చేరింది. మన తాటాకు గ్రంథాల శ్రీతాళం కూడా ఆ తోటలో ఉంది. మనకి ఎండాకాలంలో రోడ్డంతా ఎర్రగా చేసే తురాయి, అదే గుల్‌మొహర్, 1820లలో మడగాస్కర్ నుంచి మారిషస్‌కి తెచ్చిన మొక్కల ఆధారంగానే మొదటిసారి శాస్త్ర రికార్డుల్లోకి ఎక్కింది, అక్కడ అది డిసెంబర్‌లో పూస్తుంది.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర పొట్ట లావుగా సీసా ఆకారంలో ఉండే బాటిల్ పామ్ కూడా మారిషస్‌దే, రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవిది. మేకలు, కుందేళ్లు మొలకలన్నీ మేసేసి అడవిలో పదికి తక్కువ చెట్లకి వచ్చేసింది, 1979లో మేకల్ని, 1986లో కుందేళ్లని పూర్తిగా తీసేశాకే ఊపిరి పీల్చుకుంది. దాని దగ్గర చుట్టం ఇంకో పామ్ క్యూర్‌పీప్ ఊళ్లోని మొక్కల తోటలో ప్రపంచం మొత్తానికీ ఒక్కటే చెట్టు ఉంది.

అడవిలో ఇప్పుడు పెద్ద తలనొప్పి చైనా జామ అని పిలిచే చిన్న ఎర్ర జామ. నిజానికి అది బ్రెజిల్‌ది. జనానికి దాని కాయలంటే ప్రాణం, సీజన్‌లో కుటుంబాలతో వెళ్లి కోసుకుంటారు, కానీ కోతులు, పందులు, పిట్టలు గింజలు చల్లేయడంతో అది గోడ కట్టినట్టు పెరిగి కింద ఏ స్థానిక మొక్కనీ లేవనివ్వదు. చేత్తో పీకి కంచె వేసిన చోట్ల మాత్రం అడవి మొలకలు మళ్లీ వస్తున్నాయి.

ఇంకా పెద్ద గొడవ లిచీది. పెద్ద గింజలున్న అడవి పళ్లని మోసుకెళ్లేవాళ్లలో మారిషస్‌లో మిగిలిన పెద్ద స్థానిక జీవి పళ్లు తినే గబ్బిలం ఒక్కటే. అడవి తగ్గింది, పెరట్లో నవంబర్, డిసెంబర్‌లో లిచీ, మామిడి పండుతాయి, అది వచ్చి తింటుంది, రైతుకి నష్టం, కోపం. 2015 నుంచి ప్రభుత్వమే వేల గబ్బిలాల్ని కాల్పించింది, 2018లో, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని మరింత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి మార్చింది. రైతు నష్టం నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోలేం, కానీ చెట్టుకి వల కప్పితే పండు నిలుస్తుంది, ప్రభుత్వం వలలకి సబ్సిడీ కూడా ఇస్తోంది, కాల్చడానికి పెట్టే డబ్బు కూడా దానికే పెడితే మేలు, ఎందుకంటే ఆ గబ్బిలం కూడా పోతే అక్కడి పెద్ద గింజల చెట్లకి వాటి గింజల్ని దూరంగా తీసుకెళ్లి వేయడానికి ఇంకెవరూ ఉండరు.