తామరాకు మీద నీటిబొట్టు, కోషర్ వంటింట్లో క్యాబేజీ

"మాంసం తినేవాళ్ళకి పురుగంటే అంత పట్టింపు ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. వాళ్ళబ్బాయి న్యూయార్క్‌లో ఉంటాడట. పక్కింటి యూదు కుటుంబం లెట్యూస్ ఆకుల్ని విడివిడిగా తీసి, అడుగున లైటు వెలిగే బల్ల మీద పరిచి చూడడం అతని కంటపడింది. జైనుల అహింస లాంటిదేమో అనుకున్నాడట.

అహింస కాదు, కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు. బైబిల్లోని లేవీయకాండం 11వ అధ్యాయం పాకే పురుగుల్నీ ఎగిరే పురుగుల్నీ తినొద్దంటుంది. నాలుగు రకాల మిడతలకి మాత్రం మినహాయింపు ఉంది, యెమెన్ యూదులు వాటిని తినేవారు కూడా. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ లెక్కలో చీమని తింటే ఐదు నిషేధాలు మీరినట్టు, కందిరీగని తింటే ఆరు. ఆ లెక్కన పంది మాంసం కన్నా చీమే పెద్ద తప్పు! నిషిద్ధమైనదేదైనా పొరపాటున వంటలో పడితే, అరవయ్యో వంతు కన్నా తక్కువైతే చాలాసార్లు లెక్కలోకి తీసుకోరు. నిండు పురుగుకి ఆ వెసులుబాటు లేదు. వెయ్యిలో ఒక వంతైనా అది పురుగే. మరి మిక్సీలో తిప్పేస్తే? కావాలని అలా చెయ్యొచ్చా అని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఇప్పటికీ వాదించుకుంటారు.

నాకు బాగా నచ్చిన నియమం ఇంకోటుంది. మామూలు కంటికి కనిపించేదే పురుగు. సూక్ష్మదర్శినికే కనిపించేవాటితో పేచీ లేదు. ఉంటే పెరుగన్నం కూడా మానుకోవాల్సి వచ్చేది.

చిక్కంతా ఆ సరిహద్దులో ఉన్నవాటితోనే. తామర పురుగు సంగతి మన మిరప రైతులకి చెప్పక్కర్లేదు, 2021లో నల్ల తామర పురుగు తోటలకి తోటలే ఊడ్చేసింది. ఒళ్ళంతా కలిపి ఒకటి రెండు మిల్లీమీటర్లు. విడిగా తెల్ల కాగితం మీద పెడితే కనిపిస్తుంది. ఆకు మడతలో దూరితే కనిపించదు. కాలి చివర ఉబ్బే చిన్న తిత్తితో ఆకుని పట్టుకుంటుంది. పేనుబంకైతే సూది లాంటి నోటిని ఈనెలో దింపి కూర్చుంటుంది. కుళాయి కింద ఆకుని రెండుసార్లు ఆడిస్తే ఇవి రావు.

ఎందుకు రావో తామరాకు చెబుతుంది. తామరాకు మీద నీటిబొట్టు అని మనం వేదాంతానికి వాడుకుంటాం గానీ, అది అచ్చమైన భౌతికశాస్త్రం. ఆకు మీది మైనం, సన్నని గరుకుదనం నీటిని అంటనివ్వవు. బొట్టు అంచు ఆకుతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది, అంటే దాదాపు గోళీ. క్యాబేజీ కూడా ఆ బాపతే. ఓ పచ్చి క్యాబేజీ ఆకునో చేమాకునో నీళ్ళలో ముంచి చూడండి, వెండిలా మెరుస్తుంది. అది ఆకు మెరుపు కాదు, ఆకుకీ నీటికీ మధ్య చిక్కిన గాలి పొర. పురుగు ఆ గాలిలో పొడిగా, హాయిగా కూర్చుని ఉంటుంది. దాని ఒంటి మీదా మైనమే. మనం కడిగామనుకుంటాం, నీళ్ళు దాన్ని తాకనే తాకవు! బడిలో తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, అనగానే నీటి మీద సూది తేలించి చూపిస్తారు, ఈ క్యాబేజీ ఆకుని ఒక్క మాస్టారూ చూపించరు.

మంచినీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు. ఒక చుక్క సబ్బు వేస్తే సుమారు 30కి దిగుతుంది. సబ్బు అణువుకి ఒక కొస నీటిని కోరుతుంది, రెండోది జిడ్డుని. జిడ్డు కొసలు మైనం మీద వాలగానే నీరు పరుచుకుని మడతల్లోకి పాకుతుంది, వెండి మెరుపు మాయమవుతుంది, పురుగు తడుస్తుంది. కోషర్ వంటిళ్ళలో కాసిని సబ్బునీళ్ళలో ఆకుల్ని నానబెట్టి బాగా ఆడించేది ఇందుకే. మనం కాలీఫ్లవర్‌ని ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్ళలో వేస్తాం. పచ్చ గొంగళికి అది చాలు. కానీ ఉప్పు తలతన్యతని తగ్గించదు, పిసరంత పెంచుతుంది కూడా.

తర్వాత ఆ నీటిని సన్నని జాలీ గుడ్డలో వడకట్టి, గుడ్డని లైటు బల్ల మీద పరుస్తారు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చగా దాక్కున్నది వెలుగుకి అడ్డంగా నల్లటి గీతలా తేలుతుంది. కాళ్ళు, మీసాలతో సహా. ఒకటి దొరికినా మళ్ళీ కడుగుడే.

2004లో ఈ గొడవ ఆకు దాటి కుళాయికి పాకింది. న్యూయార్క్ నీరు ఎక్కువగా కొండల్లోని జలాశయాల నుంచి, వడపోత లేకుండానే వస్తుంది. అందులో కోపెపాడ్‌లనే చిట్టి జీవులు కనిపించాయి. రొయ్యలకి దూరపు చుట్టాలు, ఆరోగ్యానికి ప్రమాదం లేనివి. మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి, కనుక తేరిపార చూస్తే కంటికి ఆనుతాయి. తాగొచ్చని కొందరు రబ్బీలు, కూడదని కొందరు. ఎందుకొచ్చిన టెన్షన్ అని చాలా ఇళ్ళలో ఫిల్టర్లు బిగించుకున్నారు.

కోపెపాడ్ అంటే మనకి కొత్తేం కాదు. దిగుడుబావి నీటిలోంచి నారికురుపుని మోసుకొచ్చిన సైక్లాప్స్ అదే జాతిది. మన దేశంలో ఆ జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ప్రకటించింది. దాన్ని తరిమిన ఆయుధాల్లో ఒకటి, బిందె మూతికి కట్టిన గుడ్డ.