పైకి బాగానే ఉన్నాడు, మరి గుర్రం ఎక్కొచ్చుగా? తల దెబ్బలపై అపోహలు - వాస్తవాలు

తలకు దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్ళకు ఫిజియోథెరపీ చేయడం నా పని. వాళ్ళ ఇంట్లోవాళ్ళకు 'ది రైడర్' సినిమా చూడమని చెబుతుంటాను. చూసొచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే. "కుట్లు మానాయి, నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. ఇంకా గుర్రం ఎక్కొద్దంటారేంటండీ ఆ డాక్టర్లు? గుండె ధైర్యం ఉన్న కుర్రాడు కదా!" చివర్లో అతను పోటీ నుంచి తప్పుకున్నాడని బాధపడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో కథ. క్లోయీ జావ్ తీసిన ఈ సినిమాను 2017లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో మొదట చూపించారు. అమెరికాలో సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో, అంటే అక్కడి ఆదివాసీలకు కేటాయించిన ప్రాంతంలో, లకోటా తెగ జనం మధ్య జరిగే కథ. బ్రేడీ రోడియో రౌతు. ఎగిరెగిరి తన్నే గుర్రం మీద ఒంటి చేత్తో పగ్గం పట్టుకుని 8 సెకన్లు నిలవడం అతని ఆట. ఆ ఆటలోనే తలకు దెబ్బ తగిలింది. ఆ పాత్ర వేసిన బ్రేడీ జాండ్రూ నిజంగా కూడా రౌతే. 2016 ఏప్రిల్‌లో నార్త్ డకోటాలోని ఫార్గోలో జరిగిన రోడియోలో గుర్రం అతన్ని కింద పడేసి తల తొక్కింది. పుర్రె పగిలింది, మెదడులో రక్తస్రావమైంది, తలలో లోహపు ప్లేటు వేశారు. ఆ ఏడాదే సినిమా తీశారు.

ఇక అసలు అపోహ: పైకి బాగుంటే లోపల కూడా బాగైనట్టే, మిగిలింది విల్ పవర్.

కాదు. చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది. ఎముక కొన్ని నెలలు తీసుకుంటుంది. మెదడు లెక్క వేరు. అక్కడ కారిన రక్తంలోని ఇనుము, మానాక మిగిలే మచ్చ చుట్టుపక్కల కణాలను రేపుతూ ఉంటాయి. అందుకే ఫిట్స్ దెబ్బ తగిలిన రోజే రావాలని లేదు. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా మొదలవుతాయి. అమెరికాలోని మిన్నెసోటాలో వేలమందిని గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తీవ్రమైన తల దెబ్బ తగిలినవాళ్ళలో 30 ఏళ్ళలో సుమారు 17 శాతం మందికి ఫిట్స్ వచ్చాయి. చిన్న దెబ్బలకు అది 2 శాతం చిల్లరే. కాబట్టి బైక్ మీద నుంచి పడి తల బొప్పి కట్టిన ప్రతివాళ్ళూ టెన్షన్ పడనక్కర్లేదు. పుర్రె లోపలికి నొక్కుకుపోయినవాళ్ళు, లోపల రక్తం గడ్డకట్టినవాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

సినిమాలో బ్రేడీ కుడి చెయ్యి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. రెండో చేత్తో ఒక్కో వేలూ విడదీసుకుంటాడు. చాలామంది దాన్ని నీరసం అనుకుంటారు, నరం పట్టేసిందంటారు. అది ఫిట్స్‌లో ఒక రకం. మనిషి స్పృహలోనే ఉంటాడు, నురగ రాదు, కింద పడడు. మెదడులో ఆ చేతిని నడిపే చోట మాత్రమే అలజడి పుడుతుంది. పగ్గం వదలాల్సిన క్షణంలో చెయ్యి వదలకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పట్టుదల ఎంత ఉన్నా ఆ వేళ్ళు తెరుచుకోవు, ఎందుకంటే ఆ క్షణంలో చెయ్యి అతని మాట వినదు. పైగా కోలుకుంటున్న మెదడుకు తగిలే రెండో దెబ్బ మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేయగలదు. ఈ రెండూ తెలిసిన డాక్టరు వద్దనకుండా ఎలా ఉంటారు?

మా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు వరికోత మిషన్ నడిపేవాడు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది, ఆపరేషన్ అయింది. తర్వాత ఒకసారి ఫిట్స్ వస్తే మందులు రాశారు. నడక, బ్యాలెన్స్ చక్కగా తిరిగొచ్చాయి. ఊరికెళ్ళాక ఎవరో పెద్దాయన "ఆ బిళ్ళలు మింగితే బుర్ర మొద్దుబారుతుంది, రెండు నెలల్నుంచి ఏం రాలేదుగా, ఆపేయండి" అన్నారట. ఆపేశారు. కోతలొచ్చాయి, అప్పులున్నాయి, మిషన్ ఎక్కాడు. స్టీరింగ్ మీద చెయ్యి బిగుసుకుని మిషన్ గట్టు దిగి బోదెలోకి పోయింది. ముందు నడుస్తున్న కూలీ పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది. వాళ్ళమ్మ నా దగ్గర కూర్చుని "నేనే ఆపించానయ్యా" అని ఒకటే ఏడుపు. "అమ్మా, తప్పు నీది కాదు" అన్నాను. మనసులో ఉన్నమాటే అది. రెండు నెలలు ఫిట్స్ రాకపోవడానికి కారణం ఆ బిళ్ళలేనని ఆమెకు విడమరిచి ఎవరూ చెప్పలేదు. తెలియకపోయినా సలహాలిచ్చేవాళ్ళంటేనే నాకు కోపం.

ఆ కుర్రాడు తర్వాత చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. "మిషన్ ఎక్కకపోతే నేనేంటి సార్?" అనేవాడు. పాత పనికి వెళ్తేనే పాత మనిషి అవుతాడని ఇంట్లోవాళ్ళూ నమ్ముతారు, అందుకే తొందరపెడతారు. సినిమాలో బ్రేడీ పరిస్థితీ ఇదే. సూపర్‌మార్కెట్‌లో సరుకులు సర్దుతుంటే తెలిసినవాళ్ళు వచ్చి పలకరిస్తారు, ఆ ముఖం చూడండి. కానీ మాలిమి కాని గుర్రాన్ని దారికి తెచ్చుకునే నేర్పు అతని చేతుల్లోనే ఉంది. దెబ్బ దాన్ని తీసుకుపోలేదు. అలాగని గుర్రాలను మాలిమి చేయడం క్షేమమని కాదు, అందులోనూ ప్రమాదం ఉందని సినిమాయే చూపిస్తుంది. మేం చేసే పని ఏంటంటే, మిగిలిన నేర్పు ఏదో వెతికి, అందులో ప్రమాదం తక్కువున్న భాగాన్ని పట్టుకోవడం. మా కుర్రాడు ఇప్పుడు రిపేర్ షెడ్డులో ఉన్నాడు. శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెబుతాడు. ఇంజన్ తిరుగుతుండగా చెయ్యి పెట్టనని మాట తీసుకున్నాం.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"స్కాన్ నార్మల్, కాబట్టి ఏమీ లేదు." స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం కనిపిస్తాయి. చిరాకు, మతిమరుపు, పది నిమిషాలకే అలసట కనిపించవు. అవి నాటకాలు కావు.

"ఆరు నెలల్లో రానిది ఇక రాదు." మొదటి ఆరు నెలల్లో వేగం ఎక్కువ, నిజమే. ఆ తర్వాత కూడా మార్పు వస్తూనే ఉంటుంది.

"హెల్మెట్ ఉంటే మెదడుకేం కాదు." హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, ప్రాణం నిలుపుతుంది. కచ్చితంగా పెట్టుకోండి. కానీ లోపల మెదడు కుదుపును పూర్తిగా ఆపలేదు.

"లేన్‌ను ఎద్దు పడేసింది." సినిమాలో మాట్లాడలేక వేళ్ళతో సైగ చేసే స్నేహితుడు లేన్ స్కాట్ నిజంగానే ఎద్దుల మీద స్వారీ చేసినవాడు. కానీ అతన్ని ఆ స్థితికి తెచ్చింది కారు ప్రమాదం. మా వార్డుకు వచ్చేవాళ్ళలోనూ ఎక్కువమంది రోడ్డు మీద దెబ్బ తిన్నవాళ్ళే.

ఇంకొకటి, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ జరగదు. ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, తాళాలకు పేరొస్తుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. నోట్లో చెంచా, నీళ్ళు, వేలు ఏదీ పెట్టొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకుండానే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి. మందు మాత్రం రాసిన డాక్టరు ఆపమన్నప్పుడే ఆపండి.