శాస్త్ర సంఘాల్లో ఏడాది పని, నాయకత్వ మార్పు: అపోహలు – వాస్తవాలు

శాస్త్ర సంఘం వార్షిక నివేదిక చేతికి అందగానే చాలామంది అందులో రెండే విషయాలు వెతుకుతారు: కొత్త అధ్యక్షులు ఎవరు, పతకం ఎవరికి వచ్చింది. ఒక చిన్న విజ్ఞాన సంఘానికి కార్యదర్శిగా అటువంటి నివేదికలు రాసేవాణ్ణి కనుక, ఆ రెండు పేర్ల చుట్టూ అల్లుకున్న అపోహలు తరచుగా నా చెవిన పడుతుంటాయి. సంఘాన్ని ఏడాది పొడవునా నడిపించేది అధ్యక్షుడి పేరు కంటే నియమావళి, కార్యదర్శి, కోశాధికారి అన్నది నా అభిప్రాయం.

అపోహ: అధ్యక్షుడు మారాడంటే లోపల ఏదో గొడవ జరిగినట్టే.

వాస్తవానికి చాలా సంఘాల్లో మార్పు తేదీతో సహా ముందే రాసిపెట్టి ఉంటుంది. లండన్‌లోని ప్రఖ్యాత శాస్త్ర సంఘం రాయల్ సొసైటీలో అధ్యక్షుడి పదవీకాలం ఐదేళ్లు. ఏటా నవంబరు 30న, సెయింట్ ఆండ్రూ పండుగనాడు వార్షిక సమావేశం జరుగుతుంది; ఐదేళ్లు నిండిన ఏడాది ఆ సమావేశంతోనే ఒకరి కాలం ముగిసి మరొకరిది మొదలవుతుంది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ 2015లో పాల్ నర్స్ నుంచి బాధ్యతలు అందుకుని, 2020లో ఏడ్రియన్ స్మిత్‌కు అప్పగించారు. 2025లో ఆ పదవి మళ్ళీ పాల్ నర్స్‌నే వరించింది. వీటిలో ఏ ఒక్కటీ తిరుగుబాటు కాదు, గడువు తీరడం మాత్రమే. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఆ గడువు మూడేళ్లు. హైదరాబాదు శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ 2007 నుంచి 2009 వరకు ఆ అకాడమీకి అధ్యక్షులుగా ఉన్నారు.

అధ్యక్షుడి కంటే కార్యవర్గం మారే పద్ధతి ముఖ్యమైనది. రాయల్ సొసైటీకి 1663లో రాజు ఇచ్చిన అధికార పత్రం (చార్టర్) 21 మందితో కార్యవర్గాన్ని ఏర్పరచి, వారిలో పదిమందిని ఏటా మార్చాలని నిర్దేశించింది. అంటే ఏ సంవత్సరం చూసినా సగానికి పైగా పాతవారు ఉంటారు, సగానికి కొంచెం తక్కువగా కొత్తవారు వస్తారు. సంఘం నియమావళి రాసుకునేవారు మొట్టమొదట గమనించవలసిన ఏర్పాటు ఇదేనని నేను అనుకుంటాను. అందరి పదవీకాలమూ ఒకే రోజున ముగిసే సంఘంలో గత ఏడాది తీర్మానాలు ఎందుకు చేశారో చెప్పగలవారు మిగలరు.

అపోహ: సమర్థుడైన నాయకుడు దొరికితే ఎంతకాలమైనా కొనసాగించడమే మేలు.

దీనికి జోసెఫ్ బ్యాంక్స్ చరిత్రే సరైన జవాబు. కెప్టెన్ కుక్‌తో సముద్రయానం చేసిన ఈ వృక్షశాస్త్రజ్ఞుడు 1778 నుంచి 1820 వరకు, నలభై ఏళ్లకు పైగా, రాయల్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆయన సమర్థతను శంకించవలసిన పని లేదు. అయితే పదవి చేపట్టి ఆరేళ్లయినా నిండకముందే సొసైటీలోని గణితజ్ఞులు ఆయన మీద బాహాటంగా తిరగబడ్డారు. 1807లో పుట్టిన భూగర్భశాస్త్ర సంఘం స్వతంత్రంగా ఎదగడం ఆయనకు రుచించలేదు. 1820లో ఖగోళశాస్త్ర సంఘం ఏర్పడుతున్నప్పుడు, దానికి అధ్యక్షత వహించడానికి అంగీకరించిన సోమర్సెట్ డ్యూక్‌ను వెనక్కి తగ్గేలా చేశాడు. ఆయన మరణించిన పదేళ్లకు, 1830లో జరిగిన అధ్యక్ష ఎన్నికలో ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ 111 ఓట్లు తెచ్చుకోగా, రాజుగారి తమ్ముడు ససెక్స్ డ్యూక్ 119 ఓట్లతో గెలిచాడు. శాస్త్రవేత్తలకంటే గొప్పింటివారి సంఖ్యే ఎక్కువగా ఉన్న ఆ సభ్యత్వాన్ని చక్కదిద్దే నిబంధన 1847లో వచ్చింది: ఏడాదికి పదిహేనుమందిని మాత్రమే సభ్యులుగా ఎన్నుకోవాలని నిర్ణయించారు.

మన దేశంలో సి.వి. రామన్‌ది కొంత భిన్నమైన ఉదాహరణ. ఆయన స్థాపించిన ఇండియన్ అకాడమీ 1934 జులై 31న 65 మంది వ్యవస్థాపక సభ్యులతో ప్రారంభమైంది. 1970లో కన్నుమూసే వరకు ఆయనే అధ్యక్షుడు. పరిశోధన పత్రికను వెంటనే మొదలుపెట్టి నిలబెట్టడానికి అటువంటి పట్టు అవసరమైందని ఒప్పుకుంటాను, కానీ స్థాపకుడికి చెల్లినది తరువాతివారికి చెల్లదు.

అపోహ: పేరున్న అధ్యక్షుడు ఉంటే డబ్బు, ప్రచురణలు వాటంతట అవే సమకూరుతాయి.

చలన నియమాలను, గురుత్వాకర్షణను వివరించిన న్యూటన్ గ్రంథం ప్రిన్సిపియా ముఖపత్రం మీద అప్పటి రాయల్ సొసైటీ అధ్యక్షుడు శామ్యూల్ పీప్స్ పేరు, ప్రచురణ అనుమతితో పాటు 1686 జులై 5 తేదీ ఉంటాయి. ఆ పేరు చూసి పుస్తకం వెనుక ఆయనే ఉన్నాడనుకుంటే పొరపాటు. విలోబీ రాసిన చేపల గ్రంథాన్ని బొమ్మలతో ఘనంగా అచ్చువేసి సొసైటీ అప్పటికే ఖజానా ఖాళీ చేసుకుంది. 1687లో ప్రిన్సిపియా వెలువడడానికి ఖర్చు భరించినవాడు, అలిగిన న్యూటన్‌ను బుజ్జగించినవాడు, ప్రూఫులు దిద్దినవాడు సొసైటీ గుమాస్తా ఎడ్మండ్ హేలీ. ఆయనకు జీతం కింద దక్కినవి అమ్ముడుపోని ఆ చేపల పుస్తకం ప్రతులు! బడ్జెటు సమావేశానికి వెళ్ళే ప్రతి కోశాధికారీ ఈ కథ తెలుసుకుని వెళ్తే మంచిది.

అపోహ: ఏడాది కార్యక్రమాలంటే ఎన్ని ఉపన్యాసాలు జరిగాయన్న లెక్క.

ఉపన్యాసాలు బయటికి కనిపించే భాగం మాత్రమే. సర్వసభ్య సమావేశానికి గడువులోగా నోటీసు పంపడం, కోరం (కనీస హాజరు) చూసుకోవడం, ఆడిట్ అయిన లెక్కలను ఆమోదింపజేయడం, సమావేశపు మినిట్స్ రాసి సంతకాలు తీసుకోవడం కూడా ఆ ఏడాది పనే. 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం వార్షిక సమావేశం జరిగిన పద్నాలుగు రోజుల్లోగా తన కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. తెలుగు రాష్ట్రాల్లోని సంఘాలు 2001 నాటి చట్టాన్ని అనుసరిస్తాయి. అందులోనూ ఏటా జాబితా దాఖలు చేయడం తప్పనిసరి.

అపోహ: ఎన్నిక ముగిస్తే నాయకత్వం మారినట్టే.

కాదు. బ్యాంకు ఖాతాలో సంతకందారులు మారాలంటే కార్యవర్గ తీర్మానం నకలు, కొత్తవారి గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. అది పూర్తయ్యే వరకు చెక్కుల మీద పాతవారి సంతకాలే చెల్లుతాయి. మినిట్స్ పుస్తకాలు, సభ్యత్వ రిజిస్టరు, ముద్ర, ఆదాయపు పన్ను ఖాతా పాస్‌వర్డు, మిగిలిన రసీదు పుస్తకాల వరుస సంఖ్యలు అన్నీ జాబితా రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసుకోవాలి. వేదిక మీద దండలు మార్చుకునే రోజునే ఆ జాబితా మీదా సంతకాలు జరగాలని మా నియమావళిలో ఒక వాక్యం చేర్చుకున్నాం.