చిన్న ముక్కే కదా, ఏమవుతుందిలే? కుక్క పొట్ట గురించి అపోహలు - వాస్తవాలు

విరేచనాలతో కుక్కను తీసుకొచ్చిన ప్రతి ఒక్కరినీ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: గిన్నెలో పెట్టేది కాకుండా ఇంకేం తింటోంది? "ఏమీ లేదు డాక్టర్ గారూ" అంటారు. కాసేపు మాట్లాడాక ఒక్కొక్కటీ బయటికొస్తాయి.

అపోహ: ట్రీట్ చిన్న ముక్కే, లెక్కలోకి రాదు.

వస్తుంది. ఆహారం పడటం లేదేమోనని అనుమానం వస్తే, కుక్క అంతకుముందు తినని ప్రోటీన్‌తోనో, హైడ్రోలైజ్డ్ ఫుడ్‌తోనో (ప్రోటీన్‌ను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసినది) కొన్ని వారాలు పథ్యం పెడతాం. ఆ రోజుల్లో గోరంత ముక్క కూడా పథ్యాన్ని చెడగొట్టగలదు. నా దగ్గరికొచ్చిన ఒక ల్యాబ్రడార్‌కి మూడు వారాలైనా విరేచనాలు తగ్గలేదు. ఇంట్లోవాళ్లు పాపం ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు. తీరా చూస్తే, రోజూ రాత్రి మాత్రను చీజ్ ముక్కలో పెట్టి మింగిస్తున్నారు! చీజ్ ఆపి, పథ్యం ఫుడ్‌నే తడిపి ముద్ద చేసి అందులో మాత్ర పెట్టమన్నాను. పది రోజుల్లో మలం గట్టిపడింది. ట్రీట్ ఇవ్వకుండా ఉండలేకపోతే ఆ ఫుడ్‌లోవే నాలుగు గింజలు తీసి ఇవ్వండి, దానికి అదే పండగ. మాంసం రుచితో వచ్చే నమిలే మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పండి.

అపోహ: ధాన్యాలు లేని ఫుడ్ అయితే అలర్జీ రాదు.

కుక్కల్లో ఆహార అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్. గోధుమ కూడా ఉంది కానీ వాటి తర్వాతే. ప్యాకెట్ తిప్పి వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి.

అపోహ: చికెన్, అన్నం ఎన్నాళ్లు పెట్టినా మంచిదే.

పొట్ట పాడైనప్పుడు రెండు మూడు రోజులకు బాగా పనికొస్తుంది. నెలల తరబడి అదే పెడితే కాల్షియం లాంటివి అందవు. మళ్లీ మామూలు ఫుడ్‌కి 7 నుంచి 10 రోజుల్లో మెల్లగా మార్చండి. కోలుకున్నాక కూడా ట్రీట్లు రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు.

ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు సరిగా అరగవు. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ అసలు వద్దు. పీనట్ బటర్ పెట్టేవాళ్లు మాత్రం డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) అన్న పేరు ఉందేమో తప్పకుండా వెతకండి. కొంచెం తిన్నా కుక్క రక్తంలో షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

మలంలో రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా, కుక్కపిల్ల తిండి మానేసి నీరసంగా పడుకున్నా ఇంట్లో ఏ పథ్యమూ మొదలుపెట్టకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.