రూటర్ తాళం ఎవరి చేతిలో? హ్యామ్ డేటా లింకుల వెనుక కథ

బజారులో దొరికే వైఫై రూటర్లతో హ్యామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) డేటా లింకులు నడపడం ఆచరణలో కుదిరే పనేనా? ఈ వాదన మళ్లీ రాజుకుంది. మాటలన్నీ పవర్ చుట్టూ, యాంటెన్నా ఎత్తు చుట్టూ తిరుగుతున్నాయి. అసలు ముడి మాత్రం పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అమెరికాలో అది 2003లో విడిపోయి, 2014లో మళ్లీ బిగుసుకుంది.

నేరుగా లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ దగ్గరికి వద్దాం. వెనుక రెండు యాంటెన్నాలున్న ఈ ఇంటి రూటర్ లినక్స్ అనే ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోందని బయటపడింది. వాడినవాళ్లు కోడ్ పంచుకోవాలన్న లినక్స్ లైసెన్సు షరతు వల్ల 2003లో కంపెనీ సోర్స్‌కోడ్ బయటపెట్టక తప్పలేదు. అక్కడి నుంచే హ్యామ్‌లు దానికి సొంత ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) రాసుకోగలిగారు.

అది ఎందుకంత ముఖ్యమో చూడండి. వైఫైలో ప్రతి ప్యాకెట్‌కూ అవతలి నుంచి 'అందింది' అనే జవాబు రావాలి. 10 కిలోమీటర్ల లింకులో సిగ్నల్ వెళ్లి రావడానికే దాదాపు 67 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంటి దూరాలకు తగ్గట్టు పెట్టిన గడువు అప్పటికే దాటిపోతుంది. ప్యాకెట్ పోయిందనుకుని రూటర్ మళ్లీ మళ్లీ పంపుతుంది. ఎంత పవర్ పోసినా ఈ జబ్బు నయం కాదు, ఆ గడువును ఫర్మ్‌వేర్‌లో పెంచాల్సిందే. రద్దీగా ఉండే 2400 మెగాహెర్ట్జ్ పైభాగం వదిలి, హ్యామ్‌లకు అనుమతి ఉన్న 2390-2400లోకి జరగాలన్నా అంతే.

ఈ దారికి తర్వాత తాళం పడింది. అందుకు ప్రభుత్వం వైపు కారణం లేకపోలేదు. 2009లో ప్యూర్టోరికోలోని శాన్ వాన్ విమానాశ్రయ వాతావరణ రాడార్‌కు 5 గిగాహెర్ట్జ్ పరికరాలు అడ్డుపడ్డాయి. 2014లో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, ఆ బ్యాండ్‌లో రేడియో సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లు మార్చకుండా రక్షణ తప్పనిసరి చేసింది. 2015 మార్గదర్శకాల్లో డీడీ-డబ్ల్యూఆర్‌టీ అనే బయటి ఫర్మ్‌వేర్ పేరు ఎత్తి మరీ, దాన్ని ఎలా అడ్డుకుంటారని తయారీదారులను అడిగింది. గగ్గోలు రేగాక నవంబర్‌లో ఆ మాటలు సవరించింది. కానీ అప్పటికే పని జరిగిపోయింది. రేడియో భాగానికి మాత్రమే తాళం వేయడం కంటే మొత్తం పెట్టెకు వేయడం తయారీదారుకు సులువు. 2016లో రూటర్ల కంపెనీ టీపీ-లింక్ అదే చేసింది. అదే ఏడాది పవర్ పరిమితి విషయంలో 2 లక్షల డాలర్ల జరిమానాకు ఎఫ్‌సీసీతో కుదిరిన ఒప్పందంలోనే, బయటి ఫర్మ్‌వేర్‌కు దారి ఇచ్చేలా ఓపెన్‌సోర్స్ వాళ్లతో కలిసి పనిచేస్తానని కూడా ఒప్పుకుంది.

హ్యామ్ బ్యాండ్లలో అర్థం దాచే ఎన్‌క్రిప్షన్ నిషేధం, వెబ్ అంతా ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ అయ్యాక ఇక దీనితో ఏం లాభమన్నది వ్యతిరేకుల మాట. ఇంటర్నెట్ పంచడానికైతే ఆ అభ్యంతరం సరైనదే. విపత్తులో మ్యాపులు, కెమెరా దృశ్యాలు, ఐపీ ఫోన్ కాల్స్ సొంత సర్వర్లతో మోసే నెట్‌వర్కుకు మాత్రం దాచాల్సింది పెద్దగా ఉండదు. ఏఆర్‌ఈడీఎన్ అనే హ్యామ్ ఫర్మ్‌వేర్‌తో రూటర్లు ఒకదానికొకటి కలిసే మెష్ నెట్‌వర్కులు ఈ పనికే పుట్టాయి. అందులో చేరాలనుకునేవాళ్లు డెసిబెల్స్ (సిగ్నల్ బలం) లెక్కలు తర్వాత వేసుకుంటారు, ముందు ఆ ఫర్మ్‌వేర్ ఎక్కే మోడళ్ల జాబితా వెతుకుతారు.